సంతకం పెట్టని తండ్రి

(రికార్డింగు నుంచి అక్షరరూపంలోకి తెచ్చిన ప్రసంగ పాఠం. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసల్లో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే, సంతోషం.

నేను పిల్లల డాక్టరును. న్యాయశాస్త్రం చదువుకోలేదు. చట్టం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఆసుపత్రి వరండాలో నిలబడి నేర్చుకున్నది. ఆ తర్వాత ఊరుకోలేక తీర్పులు తెప్పించుకుని చదివాను. కాబట్టి ఈరోజు నేను చెప్పే మాటల్లో సగం వరండా, సగం కోర్టు. ముందు వరండాతో మొదలుపెడతాను.

వృత్తిలో చేరిన కొత్తలో, ఒక అర్ధరాత్రి, ఆరేళ్ల పాపను తీసుకొచ్చారు. రోడ్డు ప్రమాదం. కడుపు లోపల ప్లీహం చిట్లింది. హిమోగ్లోబిన్ నాలుగుకు పడిపోయింది. ఆ వయసు బిడ్డకు పదకొండు, పన్నెండు ఉండాలి. సర్జన్ చేతులు కడుక్కుంటున్నారు. గ్రూపు సరిపోయిన రక్తం వచ్చేసింది. ఆ సంచి నా చేతిలో చల్లగా ఉంది. అప్పుడు పాప తండ్రి నా దగ్గరకు వచ్చి చాలా మెల్లగా అన్నారు: "డాక్టరు గారూ, ఆపరేషన్ చేయండి. మందులు ఇవ్వండి. మీరు చెప్పినవన్నీ చేస్తాం. రక్తం మాత్రం ఎక్కించవద్దు." ఆయన యెహోవా సాక్షి, అంటే ఆ పేరున్న క్రైస్తవ సంఘానికి చెందిన మనిషి. అంగీకార పత్రం ఆయన ముందు పెట్టాం. ఆయన చేయి వణికింది. సంతకం మాత్రం పెట్టలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ఇప్పుడు ఒక్క విషయం గమనించండి. ఆయనకు బిడ్డ మీద ప్రేమ లేదా? ఉంది. నాకంటే వెయ్యి రెట్లు ఉంది. పాప జడకు కట్టిన రిబ్బను ఊడిపోతే, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నిలబడిన మనిషి ఆయన. ఇటువంటి తల్లిదండ్రులను మూర్ఖులని, క్రూరులని అనేయడం చాలా తేలిక. అలా అనేస్తే ఈ సమస్యను మనం ఎన్నటికీ అర్థం చేసుకోలేం. ప్రేమ లేనివాళ్లయితే సమస్యే లేదు, దానికి చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ప్రేమించే తండ్రి, చనిపోతున్న బిడ్డ, వారిద్దరి మధ్య ఒక విశ్వాసం.

మరి ఆయన ఎందుకు వద్దన్నారు? రక్తాన్ని విసర్జించమని బైబిల్లో ఉన్న ఆజ్ఞ రక్తమార్పిడికీ వర్తిస్తుందని 1945 నుంచి ఆ సంఘం బోధిస్తోంది. శరీరం బతికి, దేవుడి ముందు బిడ్డ దోషిగా నిలబడటమా అన్నది ఆయన భయం. ఆ భయం నాకు లేదు. నాకు లేదు కాబట్టి అది ఉత్తిదే అనే హక్కు నాకుందా? లేదు. ఆయన తన కోసం రక్తం వద్దంటే నేను తలవంచుతాను. తెలివి ఉన్న పెద్ద మనిషి తన శరీరానికి సూది వద్దంటే వద్దు. ప్రాణం పోతుందని తెలిసి వద్దన్నా వద్దే. ఇందులో నాకు అనుమానం లేదు. పడుకుని ఉన్నది ఆయన కాదు, ఆరేళ్ల పాప. నా అనుమానమంతా అక్కడే మొదలైంది.

ఆ పాప యెహోవా సాక్షేనా? ఆలోచించండి. ఆరేళ్ల పిల్లకు మతం ఉందా, లేక ఇంట్లో మతం ఉందా? రేపు పెద్దయ్యాక ఆమె తండ్రికంటే గట్టి విశ్వాసి కావచ్చు. అసలు విశ్వాసమే వదిలేయవచ్చు. మరో దారి పట్టవచ్చు. ఏం జరగాలన్నా ముందు ఆమె బతకాలి కదా? మతస్వేచ్ఛ అంటాం. ఆ పాప మతస్వేచ్ఛ మాటేమిటి?

ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెప్పాలి. రెండూ ఏడాది తిరగకుండా వచ్చాయి, రెండూ యెహోవా సాక్షుల పిల్లల గురించే. మొదటిది 1943 జూన్‌లో వచ్చింది. వెస్ట్ వర్జీనియా బడుల్లో జెండాకు వందనం చేయనన్న పిల్లలను బడి నుంచి పంపేశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. దేశమంతా ఆవేశంలో ఉంది. ఆ వేడిలో కోర్టు ఆ పిల్లల పక్షాన నిలబడింది. మనసు ఒప్పుకోని వందనం చేయమని ఏ అధికారీ బలవంతం చేయకూడదంది. ఎంత గొప్ప తీర్పు! ఏడు నెలలు గడిచాయి. 1944 జనవరిలో అదే కోర్టు ముందుకు అదే సంఘానికి చెందిన ఒక స్త్రీ వచ్చారు. తన సంరక్షణలో ఉన్న తొమ్మిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రం వేళ వీధిలో మత పత్రికలు పంచినందుకు మసాచుసెట్స్ బాలకార్మిక చట్టం కింద ఆమెకు శిక్ష పడింది. ఈసారి కోర్టు ఆమె వాదన ఒప్పుకోలేదు. తీర్పు రాసిన జస్టిస్ రట్లెడ్జ్ మాటలు మన భాషలో చెబుతాను: "తల్లిదండ్రులు తాము బలిదానం చేయడానికి స్వేచ్ఛ ఉండవచ్చు. అంతమాత్రాన, పిల్లలు తమంతట తాము ఆ నిర్ణయం తీసుకోగల వయసు రాకముందే వారిని బలిదానం చేసే స్వేచ్ఛ ఉందని కాదు."

చూడండి, ఆ కేసులో ఆసుపత్రి లేదు, రోగం లేదు. ఉన్నది నాలుగు పత్రికలు. అయినా అదే తీర్పులో కోర్టు ఇంకో మాట అంది. మతస్వేచ్ఛలో బిడ్డను అనారోగ్యానికో మరణానికో గురిచేసే స్వేచ్ఛ కలిసి లేదని. తర్వాత వైద్యం గురించి వచ్చిన వివాదాల్లో మళ్లీ మళ్లీ వినిపించేది ఈ మాటలే. నా మటుకు నాకు ఈ రెండు తీర్పుల మధ్య వైరుధ్యం కనిపించదు. జెండాకు వందనం చేయకపోతే పిల్లవాడి ప్రాణానికి ముప్పేమీ లేదు. అక్కడ విశ్వాసానికి గొడుగు పట్టాలి. ప్రాణం దగ్గరకు వచ్చేసరికి గొడుగు బిడ్డకు పట్టాలి.

ఇది మొదటి నుంచీ ఇంత స్పష్టంగా లేదు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో 'పిక్యూలియర్ పీపుల్' అనే చిన్న క్రైస్తవ శాఖ ఉండేది. రోగం వస్తే సంఘ పెద్దలను పిలిచి, నూనె రాసి, ప్రార్థన చేయాలని బైబిల్లో యాకోబు రాసిన లేఖలో ఉంది. వారు దాన్ని అక్షరాలా పాటించేవారు. డాక్టరును పిలిచేవారు కాదు. 1868లో వారి బిడ్డ ఒకటి, ఏడాది దాటిన పసిపిల్ల, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. తల్లిదండ్రుల మీద నరహత్య కేసు పెట్టారు. కోర్టు వదిలేసింది. బిడ్డను నిర్లక్ష్యం చేయలేదు, మనస్ఫూర్తిగా నమ్మింది చేశారు కదా అని. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం మార్చింది. బిడ్డకు వైద్యం అందించకపోవడం నేరమని రాసింది. మరో ముప్ఫై ఏళ్లకు అదే శాఖకు చెందిన సీనియర్ అనే తండ్రికి శిక్ష పడింది. నమ్మకం అదే, ప్రార్థన అదే, తీర్పు వేరు.

ఎందుకు మారింది? చట్టం మారింది, నిజమే. దాని వెనుక వైద్యం కూడా మారుతోంది. 1868 నాటి డాక్టరు ఆ పసిపిల్లకు ఏం చేయగలిగేవాడు? నిజాయితీగా చెబుతున్నాను, పెద్దగా ఏమీ చేయలేకపోయేవాడు. యాంటీబయాటిక్ లేదు, ఆక్సిజన్ సిలిండరు లేదు. జలగలు పెట్టే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ కాలంలో డాక్టరును పిలవనివారిని తప్పుపట్టడం కష్టం. ఈ మాట నేను డాక్టరునై ఉండి చెబుతున్నాను.

ఇప్పుడు మధుమేహం సంగతి తీసుకోండి. 1922 జనవరికి ముందు, పిల్లలకు వచ్చే మధుమేహం మరణశాసనమే. ఆకలితో మాడ్చి కొన్ని నెలలు నెట్టుకొచ్చేవారు. ఆ నెలలో టొరంటోలో పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తర్వాత కథ మారిపోయింది. ఆ ముందు సంవత్సరం ప్రార్థనకూ వైద్యానికీ ఒకటే ఫలితం. ఆ తర్వాత ఒకటి కాదు. 2008లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, పదకొండేళ్ల అమ్మాయి మధుమేహంతో ఇంట్లోనే చనిపోయింది. తల్లిదండ్రులు పక్కనే కూర్చుని ప్రార్థిస్తున్నారు. ఇన్సులిన్ వచ్చి 86 ఏళ్లయింది. ఆ పిల్ల ఎంత దాహంతో, ఎంత ఆయాసంతో పోయి ఉంటుందో నాకు తెలుసు. ఆ స్థితిలో ఉన్న పిల్లలను చూశాను. సెలైను, ఇన్సులిన్ పెడితే మర్నాటికి లేచి కూర్చుని అమ్మను అన్నం అడుగుతారు. అందుకే నాకు కోపం వస్తుంది. దాచను.

కోపం ఎవరి మీద? కొంచెం ఆగండి. ఆ తల్లిదండ్రుల మీదే అనుకుంటే తేలిపోతుంది. నా కోపంలో పెద్ద వాటా చట్టాలు చేసినవారికి పోతుంది. ఎందుకో చెబుతాను.

1974లో అమెరికా, పిల్లలపై హింసను అరికట్టే కేంద్ర చట్టం తెచ్చింది. మంచి చట్టం. దాని కింద నిధులు కావాలంటే, మత విశ్వాసంతో వైద్యం చేయించని తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసినవారిగా లెక్కించకూడదని రాష్ట్రాలకు షరతు పెట్టారు. ప్రార్థనతోనే రోగం నయమవుతుందని బోధించే క్రిస్టియన్ సైన్స్ చర్చి దీనికోసం గట్టిగా ప్రయత్నించింది. రాష్ట్రాలు వరుసగా మినహాయింపులు రాసుకున్నాయి. 1983లో కేంద్రం ఆ షరతు తీసేసింది. షరతు పోయింది, మినహాయింపులు చాలాచోట్ల మిగిలిపోయాయి. కొన్ని రాష్ట్రాల్లో ఈనాటికీ ఉన్నాయి.

ఈ మినహాయింపు అంటే ఏమిటి? గోడకు ఇటు ఒక ఇల్లు, అటు ఒక ఇల్లు. రెండిళ్లలోనూ ఒకే వయసు పిల్లలు, ఒకే జ్వరం. ఈ ఇంట్లో తండ్రి బద్ధకంతో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లలేదు, నేరం. ఆ ఇంట్లో తండ్రి విశ్వాసంతో తీసుకెళ్లలేదు, నేరం కాదు. సరే, తండ్రుల మధ్య తేడా ఉంది, ఒప్పుకుంటాను. పిల్లల మధ్య ఏమైనా తేడా ఉందా? ఒక పిల్లవాడికి చట్టం కాపలా కాస్తుంది, రెండోవాడికి కాయదు. రెండోవాడు చేసిన పాపమేమిటి? ఆ ఇంట్లో పుట్టడమా?

దీని ఫలితం లెక్క కూడా ఉంది. సేథ్ ఆసర్ అనే పిల్లల డాక్టరు, రీటా స్వాన్ అనే ఆమె కలిసి, 1975 నుంచి 1995 వరకు అమెరికాలో మత కారణాలతో వైద్యం అందక చనిపోయిన 172 మంది పిల్లల వివరాలు పరిశీలించి 1998లో ప్రచురించారు. వారిలో 140 మందికి ఉన్న జబ్బులు, వైద్యం చేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికేవి. నూట నలభై మంది. రీటా స్వాన్ ఎవరో తెలుసా? ఆమె కూడా క్రిస్టియన్ సైన్స్ విశ్వాసే. 1977లో పదహారు నెలల కొడుకు మాథ్యూ మెనింజైటిస్‌తో, అంటే మెదడు పొరలకు వచ్చే వాపుతో పోయాడు. చాలా రోజులు ప్రార్థనల మీదే ఉంచి, చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికి ఆలస్యమైంది. ఆ తర్వాత ఆమె ఆ చర్చిని వదిలి, ఈ మినహాయింపులను తొలగించడానికి జీవితమంతా పోరాడారు. నేను ఆమెను తలచుకున్నప్పుడల్లా ఒకటే అనుకుంటాను. ఆ తొలి రోజుల్లోనే ఎవరో ఒకరు వచ్చి, "అమ్మా, ఈ నిర్ణయం ఇక నీది కాదు" అని ఉంటే?

మినహాయింపు తల్లిదండ్రులకు మేలు చేస్తుందని అనుకుంటాం. చేయదు. వారినీ ముంచుతుంది. 1986లో బోస్టన్‌లో రెండున్నరేళ్ల బాబు పేగుకు అడ్డంకి వచ్చి చనిపోయాడు. ఆపరేషన్ చేస్తే బతికే జబ్బు. తల్లిదండ్రులు క్రిస్టియన్ సైన్స్ విశ్వాసులు, ప్రార్థననే నమ్ముకున్నారు. వారికి శిక్ష పడింది. 1993లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కారణం ఏమిటి? చట్టం తమకు రక్షణ ఇస్తుందని వారి చర్చి ప్రచురణలో, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ అభిప్రాయాన్ని చూపించి రాశారు. దాన్ని నమ్మి వారు తప్పుదారి పట్టి ఉండవచ్చని కోర్టు అంది. ఆలోచించండి, ఒక చేత్తో 'మీ ఇష్టం' అని రాసి, బిడ్డ పోయాక రెండో చేత్తో సంకెళ్లు వేయడం న్యాయమా? ఆ ఏడాదే మసాచుసెట్స్ తన మినహాయింపును తీసేసింది. ఒరెగాన్ 2011లో తీసేసింది, అక్కడ ఒక చిన్న సంఘంలో వరుసగా పిల్లలు పోయాక.

అందుకే నేను జైలు గురించి ఎక్కువ మాట్లాడను. జైలు బిడ్డ పోయాక వచ్చేది. నాకు కావలసింది బిడ్డ ఉండగా, తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చే ఒక కాగితం. న్యాయమూర్తి సంతకం ఉన్న కాగితం.

ఇక్కడ ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. మీ మనసులోని మాట నేనే చెబుతాను. ప్రభుత్వం చేతికి పిల్లలను అప్పగిస్తే అది ఎక్కడ ఆగుతుంది? మంచి ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను 'వారి మేలు కోసమే' అంటూ దశాబ్దాల పాటు తల్లుల ఒడి నుంచి లాక్కెళ్లారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మేలు అనే మాట చేతిలో ఉంటే ప్రభుత్వాలు ఎంతకైనా తెగిస్తాయి. కాబట్టి గీత చాలా ఎత్తులో గీయాలి. 'ఈ కుటుంబం కంటే నాకు బాగా తెలుసు' అన్నది చాలదు. బిడ్డ ప్రాణమో, కాలూ చెయ్యో, చూపో నిజంగా ప్రమాదంలో ఉండాలి. వైద్యం బాగా రుజువైనదై ఉండాలి. కుటుంబం ఒప్పుకోగల మరో మార్గం ఉందేమో వెతికి, లేదని తేలి ఉండాలి. జలుబుకు కషాయం ఇచ్చే తల్లి జోలికి ఎవరూ వెళ్లకూడదు. క్యాన్సర్ నాలుగోసారి తిరగబెట్టాక, నూటికి అయిదు పాళ్ల ఆశ కోసం ఇంకో కీమో వద్దు, ఇంటికి తీసుకెళ్లి ప్రార్థన చేసుకుంటాం అన్న తల్లిదండ్రులను నేను ఆపను. పక్కన కూర్చుంటాను. అక్కడ నా లెక్క కంటే వారి మనసే ప్రమాణం.

కొన్నిచోట్ల గీత ఎక్కడుందో నాకే కనిపించదు. 2000లో ఇంగ్లండులో అతుక్కుని పుట్టిన కవల పాపల కేసు వచ్చింది. విడదీయకపోతే ఇద్దరూ పోతారు. విడదీస్తే బలహీనమైన పాప అక్కడికక్కడే పోతుంది, రెండో పాప బతుకుతుంది. తల్లిదండ్రులు కేథలిక్కులు. ఇద్దరూ మా పిల్లలే, ఒకరిని చంపి ఇంకొకరిని బతికించలేం, దేవుడికే వదిలేస్తాం అన్నారు. అప్పీలు కోర్టు విడదీయమంది. ఆపరేషన్ జరిగింది. ఒక పాప పోయింది, ఒక పాప బతికింది. ఆ తీర్పు సరైనదేనా? ఎన్నిసార్లు చదివినా నా దగ్గర జవాబు లేదు. పాప ప్రాణం దక్కినందుకు సంతోషిస్తాను. ఆ తల్లిదండ్రులు అన్నది తప్పని మాత్రం నా నోటితో అనలేను.

ఇంకో చిక్కు, ఎదిగిన పిల్లలు. ఆరేళ్ల పాప సరే, పదిహేనేళ్ల అబ్బాయి తానే వద్దంటే? 1990లో ఇంగ్లండులో ఇదే జరిగింది. యెహోవా సాక్షుల అబ్బాయి, రక్త క్యాన్సర్. తానూ వద్దన్నాడు, తల్లిదండ్రులూ వద్దన్నారు. తెలివైన పిల్లవాడే. జడ్జి అతనితో స్వయంగా మాట్లాడారు. చావు ఎలా వస్తుందో, ఎంత యాతన ఉంటుందో అతనికి పూర్తిగా తెలియదని తేల్చి, రక్తం ఎక్కించమన్నారు. ఎక్కించారు. బతికాడు. పద్దెనిమిదేళ్లు నిండాయి. జబ్బు మళ్లీ ముదిరింది. ఈసారి వద్దనే హక్కు అతనికి ఉంది. వద్దన్నాడు. చనిపోయాడు.

దీన్ని విన్నవారు కొందరు, అయితే కోర్టు సాధించిందేమిటి, రెండు మూడేళ్లు హింస పెట్టడమే కదా అంటారు. నేను అలా అనుకోను. పదిహేనేళ్లప్పుడు అన్నది ఇంటి మాటో, అతని మాటో ఎవరికీ తెలియదు. బహుశా అతనికే తెలియదు. పద్దెనిమిదేళ్లప్పుడు అన్నది అతని మాట. ఆ మాట అతనిది అయ్యేదాకా బతికించారు. అయినా ఆ అబ్బాయి రెండు మూడేళ్లు ఏం అనుభవించి ఉంటాడో అన్న బాధ నన్ను వదలదు. 2009లో కెనడా సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల అమ్మాయి కేసులో కొంత మెత్తని దారి చూపింది. వయసు పెరిగేకొద్దీ, పరిణతి కనబడేకొద్దీ, పిల్లల మాటకు బరువు పెంచుతూ పోవాలంది. నాకు అది నచ్చింది. పుట్టినరోజు నాడు ఒక్కసారిగా ఎవరికీ జ్ఞానం రాదు కదా?

డాక్టర్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఇక్కడ వైద్య విద్యార్థులు కనిపిస్తున్నారు, మీకే. కోర్టు కాగితం ఉందని గర్వపడకండి. రక్తం వద్దనేవారి వల్ల మనం చాలా నేర్చుకున్నాం. టెక్సస్‌లో డెంటన్ కూలీ అనే గుండె సర్జన్ 1960లలోనే రక్తం ఎక్కించకుండా వారికి గుండె ఆపరేషన్లు చేశారు. వారి పట్టుదల వల్లే చాలామంది సర్జన్లు ప్రతి చుక్కనూ కాపాడటం నేర్చుకున్నారు. ఆపరేషన్‌కు ముందే ఐరన్ ఇచ్చి రక్తం పెంచడం, కారిన రక్తాన్ని శుద్ధి చేసి అదే మనిషికి తిరిగి ఎక్కించడం. ఇవన్నీ ఈరోజు అందరికీ ఉపయోగపడుతున్నాయి. కాబట్టి ఒక కుటుంబం వద్దన్నప్పుడు మీ మొదటి ప్రశ్న 'జడ్జి నంబరు ఎంత' అని కాకూడదు. 'ఇంకేం చేయగలం' అని ఉండాలి. టైము ఉంటే వెతకండి. టైము లేకపోతే, అప్పుడు ఫోను తీయండి.

ఆ రాత్రి మాకు టైము లేదు. ఆసుపత్రి పెద్దలు న్యాయమూర్తిని నిద్ర లేపారు. ఆయన ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగారు. ఎంత రక్తం పోయింది, ఎక్కించకపోతే ఏమవుతుంది, ఇంకేదైనా మార్గం ఉందా, తల్లిదండ్రులు ఏమంటున్నారు. నాలుగో ప్రశ్న అడిగినందుకు నేను ఆయనకు ఈనాటికీ దండం పెడతాను. ఆదేశం వచ్చింది. పాపను లోపలికి తీసుకెళ్లాం. రెండు సంచులు ఎక్కించాం.

తెల్లవారింది. బయటకు వచ్చాను. తండ్రి అదే బల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. ఎక్కించారా అని అడిగారు. అవునన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను సంతకం పెట్టలేదు కదా?" అన్నారు. "పెట్టలేదండీ. మీరు పెట్టలేదు. ఆ కాగితం ఇప్పటికీ ఖాళీగానే ఉంది" అన్నాను. తల ఊపారు. ఏడ్చారు. "పాపను చూడవచ్చా?" అన్నారు.

తీసుకెళ్లాను. జేబులోంచి రిబ్బను తీసి, పాప దిండు పక్కన పెట్టి కూర్చున్నారు.